గంగమణి విప్పించిన బస్తాలు

ఒక పేరు

గత మార్చిలో కామారెడ్డిలోని ఒక కళాశాల వారు మహిళా దినోత్సవ సభకు నన్ను అతిథిగా పిలిచారు. తూనికలు, కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేరి, ఆ పనిలోనే పదవీ విరమణ చేసిన వాడిని ఆ సభకు ఎందుకు పిలిచారో నాకు తెలియదు. రావలసిన అతిథి ఎవరో రాలేదని నా అనుమానం. వేదిక వెనుక గోడకు ప్రపంచాన్ని మారుస్తున్న మహిళల చిత్రాలు వరుసగా అంటించారు. దేశాలను ఏలిన వారు, పెద్ద సంస్థలను నడిపిన వారు, అంతరిక్షానికి వెళ్లి వచ్చిన వారు అందులో ఉన్నారు. వేదిక మీది ప్రతి ఒక్కరూ తమకు తోచిన ఒక పేరు చెప్పాలన్నారు. నా వంతు వచ్చినప్పుడు "గంగమణి" అన్నాను.

ముందు వరుసలోని విద్యార్థిని గోడ మీది పేర్లన్నీ వెదికి, లేదని తల అడ్డంగా ఊపింది. అధ్యక్షుల వారు సమయం మించిపోయిందన్నారు. అక్కడ చెప్పలేకపోయినది ఇక్కడ రాస్తున్నాను. ఈ శాఖలోకి కొత్తగా వస్తున్న పిల్లలకు ఇది పనికివస్తుందని నా నమ్మకం.

పలుకుబడిని కొలవడానికి నాకు తెలిసిన కొలమానం ఒక్కటే. ఒక మనిషి మొదలుపెట్టిన పనిని, ఆ మనిషి అక్కడ లేనప్పుడు కూడా, ఎంతమంది చేస్తూ ఉన్నారు? చప్పట్లకూ చిత్రపటాలకూ తూకం లేదు. ఆచరణకు ఉంది. వెళ్లి లెక్కపెట్టుకోవచ్చు.

ఒక హెచ్చరిక. నా డైరీల్లో ప్రతి తనిఖీకీ తేదీ ఉంది. అయినా కింది ఉదంతంలో ఊరి పేరు, తేదీ ఇవ్వడం లేదు. ఇస్తే ఎల్లారెడ్డి ప్రాంతంలో మనుషులను గుర్తుపట్టడం ఎంతో సేపటి పని కాదు. గంగమణి, నర్సారెడ్డి, సాయవ్వ అన్న పేర్లు కూడా నేను మార్చి పెట్టినవే. మిగిలినదంతా నేను స్వయంగా చూసినది, తూచినది.

ముందు కాంటా, తర్వాత మనిషి

నా మొదటి పై అధికారి మంచివాడే, కానీ ఒక చెడ్డ సూత్రం నేర్పబోయాడు. "ముందు మనిషిని చూడవయ్యా, తర్వాత కాంటాను చూద్దువుగాని. దొంగ కళ్లలోనే తెలుస్తాడు" అనేవాడు.

ఒకసారి ఎల్లారెడ్డి అంగడిలో కూరగాయలు అమ్మే ఒక ముసలమ్మ మమ్మల్ని చూసి గట్టిగా కేకలు వేయడం మొదలుపెట్టింది. కేకలు వేసేది తప్పు చేసిన వారేనని ఆయన తీర్మానించి, ఆమె త్రాసును జీపులో పెట్టించాడు. సాయంత్రం రాళ్లు పెట్టి పరీక్షిస్తే త్రాసు నిజంగానే తప్పు. అయితే కొనేవారి వైపు తప్పు. ఆమె ప్రతి తూకానికీ కాస్త ఎక్కువే ఇస్తూ వచ్చింది. సంగతి చెబితే ఆమె తల పట్టుకుంది.

"అంటే ఇన్నేండ్లు నేను ఊరికి ధర్మం జేసిన్నన్నట్టు. ఇగ మీ సర్కారు నాకు పింఛనన్న ఇయ్యాలె" అంది.

ఆ రోజు నుంచి నేను పరీక్ష ముగిసేవరకు మనిషి ముఖం చూడడం మానేశాను. రాళ్లు దించు, కాంటా సమంగా నిలుపు, తూచు, ఆ తర్వాతే మాట్లాడు. ఈ క్రమం తప్పిన ఇన్‌స్పెక్టర్లలో కొందరు అమాయకులను శిక్షించారు, కొందరు మర్యాదస్తులను వదిలేశారు. రెండూ ఒకే తప్పుకు రెండు ముఖాలు.

ఫిర్యాదు

కొన్నేళ్ల కిందటి యాసంగి, అంటే రబీ పంట కాలం. ఎల్లారెడ్డికి దగ్గరలోని ఒక ఊళ్లో వడ్ల కొనుగోలు కేంద్రాన్ని మహిళా సంఘం నడుపుతోంది. అంతకు ముందు ఆ ఊరి వడ్లను ఒక అడ్తిదారు, అంటే కమీషను వ్యాపారి, కొనేవాడు. కాంటా ఆయనది, వడ్లు ఆరబోసే కళ్ళం ఆయనది, చెప్పిన తూకమే తూకం. సంఘం మహిళలు కార్యాలయాల చుట్టూ తిరిగి, ఎండల్లో నిలబడి, ఆ కేంద్రాన్ని సాధించుకున్నారు. దానికి బాధ్యురాలు గంగమణి. పదో తరగతి దాకా చదివింది. బీడీలు చుట్టేది. భర్త దుబాయిలో కూలి పని.

వారు కేంద్రం తెరిచిన మొదటి పంటకే మా కార్యాలయానికి ఫిర్యాదు వచ్చింది. ఇచ్చినది నర్సారెడ్డి అనే పెద్ద రైతు. ఇంట్లో తూచిన బస్తా కేంద్రంలో తక్కువ తూగుతోందని, సంఘం కాంటా తప్పుడుదని ఫిర్యాదు. ఏళ్ల తరబడి అడ్తిదారుకు వడ్లు అమ్మిన మనిషి కావడంతో, ఇది అడ్తిదారు ఆడిస్తున్న ఆట అని ఊరంతా అనుకున్నారు. అడ్తిదారు కూడా ఊరుకోలేదు. తప్పు రుజువైతే కేంద్రాన్ని సంఘం చేతి నుంచి తీసి తనకు అప్పగించాలని పై వారికి అర్జీ పెట్టాడు. పంట చివరలో సభ పెట్టి నిర్ణయిస్తామని డివిజను అధికారి చెప్పారు.

అంటే నేను పెట్టబోయే రాళ్ల మీద ఆ మహిళల కేంద్రం ఆధారపడి ఉంది. అప్పటి మా పై అధికారికి అది పెద్ద విషయంగా కనిపించలేదు. "కాంటా సీజు చేసి రా. ఆడవాళ్ల గొడవ, అడ్తి గొడవ మనకెందుకు" అన్నాడు. తూచకుండా సీజు చేయనని చెప్పి బయలుదేరాను.

నాలుగు మూలలు

కళ్ళంలో వడ్ల కుప్పలు వరుసగా ఉన్నాయి. నిండిన బస్తాలు లారీ కోసం ఎదురు చూస్తున్నాయి. మధ్యలో ఎలక్ట్రానిక్ కాంటా, దాని చుట్టూ మహిళలు. నేను జీపు దిగగానే సాయవ్వ అనే వృద్ధురాలు, సంఘంలో అందరికంటే పెద్ద, అడ్డం వచ్చింది.

"సారు, కాంటాకు ఏం గాలే. కండ్లకే అయింది, గా పటేలుకు."

నర్సారెడ్డి పక్కనే ఉన్నాడు. "నా కండ్లు మంచిగనే ఉన్నయి అవ్వా. నిన్ను ఈడికెళ్లే గుర్తువట్టిన" అన్నాడు.

నేను ఇద్దరినీ చూడలేదు. కాంటా మీద ఏమీ లేనప్పుడు సున్నా చూపుతోంది. పంటకు ముందు మా శాఖ వేసిన ముద్ర చెక్కుచెదరలేదు. ప్రామాణిక రాళ్లను పళ్ళెం నడిమధ్యలో పెట్టాను. కొంచెం తక్కువ చూపింది. అప్పుడు మూలల పరీక్ష చేశాను. కొత్తవారు చాలామంది బద్ధకించి దీన్ని వదిలేస్తారు. అదే రాయిని నాలుగు మూలల్లో ఒక్కొక్క చోట పెట్టి చూడాలి. మూడు మూలల్లో తూకం సరిగ్గా వచ్చింది. నాలుగో మూలలో స్పష్టంగా తగ్గింది.

పళ్ళెం ఎత్తించాను. ఆ మూలన, పళ్ళేనికీ కింది చట్రానికీ మధ్య, ఎర్రగుడ్డ ముడుపు ఒకటి కట్టి ఉంది. లోపల పసుపు బియ్యం, ఒక పోకచెక్క, ఒక రాగి పైసా. బరువు పడినప్పుడు పళ్ళెం కిందికి దిగి ఆ ముడుపు మీద ఆనుతోంది. ఆనినంత బరువును ముడుపు మోస్తోంది, కాంటా లెక్కపెట్టడం లేదు. నలభై కిలోలు చూపడానికి ప్రతి బస్తాలోనూ రైతు పిడికిళ్ల కొద్దీ ఎక్కువ పోస్తున్నాడు.

నర్సారెడ్డి చెప్పినది నిజం.

 గంగమణి ముందుకు వచ్చి ఆ ముడుపును చేతిలోకి తీసుకుంది.

"నేనే గట్టిన సారు. కేంద్రం తెరిసిన నాడు. కాంటా మా చేతులకెళ్లి పోవద్దని ఎల్లమ్మకు మొక్కిన."

సాయవ్వ గొంతు తగ్గించి, అయినా నాకు వినబడేలా అంది: "తీసేస్తిమి గదా. ఇగ మంచిగ తూగుతది. సారుకు చాయ్ వోయుండి."

నిజానికి నా పని అంతవరకే. అడ్డు తొలగించి, మళ్లీ పరీక్షించి, సరిగ్గా ఉందని రాసి వెళ్లవచ్చు. జరిగినది ఎలా జరిగిందో నా నివేదికలో ఎలాగూ ఉంటుంది, కానీ నివేదికలను ఊళ్లో ఎవరూ చదవరు. గంగమణికి ఆ సంగతి తెలుసు. ఆమె పంచాయతీ మైకు ఉన్న గది వైపు నడిచింది.

మైకు

ఆమె ప్రకటన నేను కళ్ళంలో నిలబడి విన్నాను. పూర్తిగా జ్ఞాపకం ఉంది, ఎందుకంటే అందులో ఒక్క సాకు కూడా లేదు.

"ఊరోళ్లందరికి చెప్తున్న. మన కాంటా తప్పు తూగింది. నేను గట్టిన ముడుపు అడ్డం వడ్డది. మీ వడ్లు ఎక్కువ వోయినయి. లారీ ఎక్కని బస్తాలన్ని విప్పి మీ ముంగటనే మల్ల తూస్తం. ఎవలి వడ్లు ఆళ్లు అచ్చి తీస్కపోండి."

బయటికి వచ్చేసరికి సంఘం మహిళలు ఆమెను చుట్టుముట్టారు. "నీకేమన్న పిచ్చా? అడ్తోడు గిదే జూస్తున్నడు. మన నోటితోని మనమే కేంద్రం ఇచ్చినట్టు అయితది" అన్నారు.

"గాయిన చెప్తె తప్పయితది. మనం చెప్తె లెక్కయితది" అంది గంగమణి. "కుట్లు విప్పుండి."

అన్ని బస్తాలు విప్పడమంటే చిన్న పని కాదు. చేసిన పనే మళ్లీ చేసేది లేదని హమాలీలు అన్నారు. మహిళలే కొంగులు బిగించారు. బీడీలు చుట్టే వేళ్లకు గోనె కుట్టు ఒక లెక్కా అని సాయవ్వ గొణిగింది, అందరికంటే ముందు కూర్చున్నదీ ఆమే. నేను ముడుపు తీసిన కాంటాను నాలుగు మూలలా మళ్లీ పరీక్షించి, పక్కన కుర్చీ వేసుకొని కూర్చున్నాను. ఒక్కొక్క బస్తా కాంటా ఎక్కింది. ఒక్కొక్క బస్తా నుంచి మిగులు వడ్లు చాటలోకి దిగాయి. ప్రతి రైతు తన ఎదుటే తూకపు అంకెను గట్టిగా చదివాడు. చదవడం రాని వారి తరఫున పక్కవారు చదివారు.

ఎక్కువ పోయింది తక్కువెట్ల అయితది

నర్సారెడ్డి తన వంతు మిగులు తీసుకున్నాడు, కానీ శాంతించలేదు.

"ఈడున్నయి విప్పినవు. మరి మొన్న లారీల వోయినయి? గా బస్తాలల్ల నా వడ్లు ఎటు వోయినయి పిల్లా?"

"మిల్లుకు వోయినయి పటేలా."

"మిల్లోడు తరుగు అన్నడు గదా. లారీ తక్కువ తూగింది, ఇంక వడ్లు పంపుండి అని ఫోన్ జేసిండు గదా."

గంగమణి చేతిలోని దబ్బనం ఆగిపోయింది. నర్సారెడ్డి కూడా తన మాట తానే విన్నట్టు ఆగాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"ఎక్కువ వోయింది తక్కువెట్ల అయితది?" అంది ఆమె.

నా ఉద్యోగ జీవితంలో విన్న అత్యుత్తమ ప్రశ్న అది. ఆ ప్రాంతంలో లారీ మిల్లుకు చేరాక తూకం తగ్గిందనడం, తరుగు పేరుతో రైతు లెక్కలో వడ్లు కోయడం ఏళ్లుగా నడుస్తున్నదే. కేంద్రం కాంటా సరైనదా, మిల్లు కాంటా సరైనదా అని ఎవరికీ తేల్చుకునే దారి లేదు. ఇప్పుడు దారి దొరికింది. బస్తాల్లో వడ్లు ఎక్కువ ఉన్నాయని నేను పరీక్షించి రాశాను. ఎక్కువ ఉన్న బస్తాలు మిల్లులో తక్కువ తూగాలంటే మిల్లు కాంటాలోనే లోపం ఉండాలి. ఆమె తప్పు ఒప్పుకోకుండా ముడుపును చాటుగా తీసేసి ఉంటే ఈ వాదన పుట్టేదే కాదు.

మిల్లులో లారీలను తూచే పెద్ద కాంటాను తనిఖీ చేస్తానంటే మా పై అధికారి ఒప్పుకోలేదు. "దాని మీద ఫిర్యాదే లేదు కదా" అన్నాడు. మరునాడు ఫిర్యాదు వచ్చింది. కింద రెండు సంతకాలు ఉన్నాయి, గంగమణిది, నర్సారెడ్డిది. ఆ రెండు పేర్లు ఒక్క కాగితం మీద చూసి ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

సరిచేసిన కాంటా మీద ఇద్దరి ఎదుటా తూచిన బస్తాలను లారీకి ఎత్తించాను, నా ప్రామాణిక రాళ్లను కూడా ఎక్కించాను. లారీ ఖాళీ తూకం, నిండు తూకం రెండూ మిల్లు కాంటా మీదే తీయించాను. తేడా లెక్కవేస్తే తక్కువ వచ్చింది. మిల్లు యజమాని డ్రైవరును కోప్పడ్డాడు.

"లారీ సక్కగ ఎక్కలే సారు. ఇంకోపారి ఎక్కియ్యుండి."

మళ్లీ ఎక్కించాం. మళ్లీ తక్కువే.

"ఈ పారి మిల్లునే లారీ మీదికి ఎక్కియ్యిమంటవా సేటు?" అన్నాడు నర్సారెడ్డి. చుట్టూ ఉన్న హమాలీలు కూడా నవ్వారు.

ఆ కాంటాకు తిరస్కరణ ముద్ర నా చేతులతో వేశాను. మరమ్మతు అయి, మళ్లీ పరీక్షలో నెగ్గేవరకు దాని మీద ఒక్క బస్తా తూగలేదు. ఆ ఊరి రైతులకు తరుగు కింద కోసిన వడ్లను అధికారుల సమక్షంలో మిల్లు తిరిగి లెక్కలో చేర్చింది. తప్పుడు కాంటాలను నేను అంతకు ముందు కూడా పట్టుకున్నాను. పోయిన వడ్లు వెనక్కి రావడం మాత్రం అదే మొదటిసారి చూశాను.

సభలోపు పాకినది

ఆ మరునాటి నుంచి గంగమణి ఒక పద్ధతి పెట్టింది. ఉదయం మొదటి బస్తా ఎక్కే ముందు, ఆ రోజు వరుసలో మొదట ఉన్న రైతు తానే పళ్ళెం ఎత్తి కింద చూడాలి. ఊరందరి ఎదుటా నాలుగు మూలల్లో రాయి పెట్టి, అంకెను పైకి చదవాలి. ఆ తర్వాతే తూకం. మొక్కులు కూడా మానలేదు. ముడుపును పందిరి గుంజకు కట్టింది.

దీనికి మా శాఖ ఉత్తర్వు ఏదీ లేదు. అయినా పద్ధతి పాకింది. ఈ ఊరి ఆడపిల్లలను ఇచ్చిన ఊళ్లకు ముందు పోయింది, అక్కడి సంఘాల నుంచి పక్క ఊళ్లకు. ఆ నెలల్లో బిచ్కుంద, మద్నూర్ వైపు అదనపు బాధ్యత నాకు ఉండేది. మహారాష్ట్రను ఆనుకుని ఉన్న మద్నూర్ మండలంలో ఒక కేంద్రానికి ముందుగా చెప్పకుండా వెళ్లాను. నేను జీపు దిగేసరికి ఒక రైతు పళ్ళెం ఎత్తి కింద చూస్తున్నాడు. మూలమూలకూ రాయి మారుతోంది. అంకెలను మరాఠీలో చదువుతున్నారు. ఇది మీకు ఎవరు నేర్పారని అక్కడి నిర్వాహకురాలిని అడిగాను.

"నేర్పుడేంది సారు? కాంటా అంటే గిట్లనే గదా చూస్తరు" అంది.

ఆమె గంగమణి పేరు ఎన్నడూ వినలేదు. నా కొలమానంలో అంతకంటే పెద్ద అంకె నాకు ఎక్కడా కనబడలేదు.

సభ

పంట ముగింపుకు వచ్చింది. చివరి కుప్పలు కళ్ళంలో ఉండగానే డివిజను అధికారి వచ్చారు. అడ్తిదారు తరఫువారు ముందే వచ్చి కూర్చున్నారు. వారి వాదన చిన్నది, వినడానికి బలమైనది: సర్కారు కాంటాకు ముడుపు కట్టిన వారికి కేంద్రం నడపడం ఎలా వస్తుంది? తప్పు జరిగిందని వారే మైకులో ఒప్పుకున్నారు కదా?

అధికారి నా నివేదికను చదివించారు. అందులో వారికి అనుకూలమైన వాక్యం ఉంది, కాంటా తప్పు తూగిందని. అది నిజం కనుక రాశాను. తర్వాత ఆయన అన్నారు: "ఫిర్యాదు ఇచ్చిన రైతు ఏమంటారో వింటాను. కేంద్రాన్ని మార్చమంటారా?"

గంగమణి నేల చూపులు చూస్తోంది. సాయవ్వ ఆమె భుజం మీద చేయి వేసింది. అడ్తిదారు నర్సారెడ్డి వైపు తిరిగి, పాత స్నేహంతో చిన్నగా నవ్వాడు.

నర్సారెడ్డి లేచి, తువ్వాలును భుజం మీద సర్దుకున్నాడు.

"సారు, నేను ఫిర్యాదు ఇచ్చింది కాంటా మీద. ఈ బిడ్డ మీద గాదు. కాంటా తప్పంటే తప్పే అని, కట్టిన బస్తాలు విప్పి నా వడ్లు నాకిచ్చిన్రు. అడ్తిల నా జిందగీ అంత అమ్మిన. ఒక్కనాడు ఒక్క బస్తా విప్పలే. ఆయినె తప్పు తూయలేదంటరా, తూసినట్టు మనకు చెప్పలేదంటరా, మీరే చూస్కోండి. నా వడ్లు మాత్రం ఈడనే తూగాలె."

రైతుల్లో ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. నేను వారిని లెక్కపెట్టడం మొదలుపెట్టి మధ్యలోనే ఆపేశాను. కూర్చున్న వారిని లెక్కపెట్టడం సులువు. అడ్తిదారు మనుషులు తప్ప ఎవరూ లేరు.

కేంద్రం సంఘం చేతిలోనే ఉంటుందని అధికారి ప్రకటించారు. గంగమణి ఏదో మాట్లాడబోయింది. సాయవ్వ మాట్లాడనివ్వలేదు.

"ముచ్చట తర్వాత వెట్టుకుందురు. ఆ దిక్కు మబ్బు జూస్తలేరా? ముందుగాల వడ్లు గప్పుండి."

సభ ముగిసిందని ఎవరూ చెప్పకుండానే ముగిసింది. జనమంతా టార్పాలిన్ల వైపు పరుగెత్తారు. నర్సారెడ్డి ఒక అంచు పట్టుకుని, ఎదుటి అంచుకు మనిషి లేక కేక వేశాడు. డివిజను అధికారి చెప్పులు విడిచి ఆ అంచు పట్టుకున్నారు. గంగమణి చిన్న రైతు ఒకరి కుప్ప మీద రాళ్లు పెట్టుకుంటూ పోయింది.

ఆ సాయంత్రం గట్టి వాన పడింది. ఆ కళ్ళంలో ఒక్క కుప్ప కూడా తడవలేదు. తెల్లవారి ప్రతి కుప్పలోనూ తేమ మీటరు పెట్టి నేను స్వయంగా చూశాను.